షట్టర్ ఎత్తే ముందు

మా ఆవిడ వానాకాలంలో ఒక సోమవారం రాజమండ్రిలో చనిపోయింది. చనిపోయింది అంటే సరిపోదు. చంపారు. ఆమె ఆఫీసులో పనిచేసే ఒక అమ్మాయిని వెతుక్కుంటూ ఆ అమ్మాయి భర్త కత్తి పట్టుకుని మేడ మెట్లెక్కాడు. మధ్యలో మా ఆవిడ నిలబడింది. పేపర్లలో రాశారు. కొంత తప్పు రాశారు. అందుకని ఆ రోజు సంగతి ముందు చెప్తాను.

పొద్దున్న పెసరట్లు వేసింది. అల్లం పచ్చడి ముందు రోజుది. ఉప్పెక్కువైందన్నాను. "నిన్న తిన్నప్పుడు ఎక్కువ కాలేదు కదండీ, రాత్రి మనం పడుకున్నాక ఎక్కువైందా?" అంది. సన్నగా జల్లు పడుతోంది. నేను బ్యారేజీ మీద పనిచేస్తాను, గేట్ల దగ్గర. ఎగువ నుంచి వరద వస్తోందని ఆ రోజు తొందరగా రమ్మన్నారు. ఆమె స్కూటర్ సీటు మీద నీళ్ళు చేత్తో తుడిచి, ఆ చెయ్యి నా చొక్కాకి తుడిచి, వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఎప్పుడూ చూడదు.

ఆమె ఆఫీసు ఒక స్వీటు షాపు పైన ఉంటుంది. రెండు గదులు, ముందు వరండా, ఇనప షట్టర్. ముగ్గురమ్మాయిలు పనిచేస్తారు. చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు.

వాడు కింద కొబ్బరిబొండాల బండి మీద నుంచి కత్తి లాక్కున్నాడు. బండి అతను కేక వేశాడు. ఆ కేక విని మా ఆవిడ వరండాలోకి వచ్చి చూసింది. వాడు మెట్ల మీద ఉన్నాడు. లోపలికి వెళ్ళి షట్టర్ దించుకోవచ్చు. కానీ ఆ షట్టర్‌కి లోపలి గడియ ఎప్పుడో విరిగిపోయింది. బాగుచేయిస్తానంటూ వాయిదా వేస్తూ వచ్చింది. బయటి కొక్కెం ఒక్కటే పడుతుంది. కాబట్టి బయటే ఉండి, అమ్మాయిల్ని లోపల పెట్టి షట్టర్ కిందికి లాగింది. కొక్కెం వేసింది. దానికి వీపు ఆనించి నిలబడింది.

తర్వాతిది లోపల చీకట్లో ఉన్న ఆ ముగ్గురూ విన్నది.

"మేడమ్ గారండీ, మీరు పక్కకి తప్పుకోండి. మీకూ నాకూ గొడవేంటండి?"

"కత్తి కింద పెట్టి మాట్లాడు."

"తప్పుకోమంటున్నాను కదండీ."

"తప్పుకోను."

మొదటి దెబ్బ షట్టర్ మీద పడింది. రేకు చీలింది. ఆ తర్వాతవి ఆమె మీద పడ్డాయి. ముంజేతి మీద, భుజం మీద, మెడ మీద. లోపల ఆ అమ్మాయి రేకుని పిడికిళ్ళతో గుద్దుతూ, నేనే వస్తాను, ఆవిణ్ణి వదిలెయ్ అని అరిచింది. "నోరు మూసుకుని కూర్చోండే!" అంది మా ఆవిడ. అవే ఆఖరి మాటలు. బతికున్నన్నాళ్ళూ ఆ అమ్మాయిల్ని రోజుకోసారైనా అన్న మాటలే.

వాడు పారిపోలేకపోయాడు. స్వీటు షాపు వంటవాళ్ళు మెట్ల కింద పట్టుకుని బూందీ గరిటెలతో చావగొట్టారు. కత్తి పడిపోయాక కూడా కొట్టారు. ఆమెను ఎవరో ఆటోలో వేశారు. ఆ సమయానికి మేం గేట్లు ఎత్తబోతున్నాం. సైరన్ మోగుతోంది. నా ఫోన్ మోగటం నాకు వినపడలేదు. నేను ఆసుపత్రికి చేరేసరికి మొహం తుడిచేశారు, మెడకి గుడ్డ చుట్టేశారు. గోళ్ళు మాత్రం ఎవరూ తుడవలేదు. గోళ్ళ నిండా షట్టర్ తుప్పు.

ఇది రాస్తున్నది చలికాలం మొదట్లో. రేపు పొద్దున ఆ అమ్మాయి మేజిస్ట్రేటు ముందు తను విన్నది చెప్పాలి. "మీరు పక్కనుంటే చెప్తాను సార్. లేకపోతే నాకు నోరు పెగలదండి" అంది. నేను ఆమెకు వెంటనే మాట ఇవ్వలేదు. రేపు పొద్దున నేను వేరే చోట ఉండాలనుకున్నాను. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మా ఆవిడ చేసిన పనేమిటో చెప్పాలి. ఆమెను చూడనివాళ్ళు కూడా ఆ పనిని వాడుతున్నారు. కంప్యూటర్లో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టే ప్రతివాళ్ళూ మొదట ఒకే చాకిరీ చేస్తారట. ఫోల్డర్లు పెట్టాలి, సెట్టింగుల ఫైళ్ళు రాయాలి, రాసింది సరిగ్గా నడుస్తోందా అని చూసే పరీక్షలకు చోటు ఉంచాలి. అసలు పనికి చేరేసరికి పూట గడిచిపోతుంది. దానికి ఆమె ఒక టూల్ రాసింది. అందులో బొమ్మలుండవు, నొక్కే బటన్లుండవు. నల్ల తెర మీద ఒక మాట, పక్కన ప్రాజెక్టు పేరు కొడితే, కావలసిన ఫోల్డర్లూ ఫైళ్ళూ అన్నీ లేచి నిలబడతాయి. ఆ పైన ఎవరి పద్ధతికి వాళ్ళు సొంత స్క్రిప్టులు, అంటే చిన్న చిన్న ఆదేశాల జాబితాలు, రాసి పక్కన పెట్టుకోవచ్చు. టూల్ వాటిని కూడా నడిపిస్తుంది. ఆమె రైసు మిల్లులకొక స్క్రిప్టు రాసుకుంది, రొయ్యపిల్లల హేచరీలకొకటి, కడియం నర్సరీలకొకటి.

టూల్ పేరు ఆకుమడి. వరినారు పోసే మడిని మా వైపు అలా అంటాం. పెనుగొండ దగ్గర వాళ్ళ నాన్నగారికి పొలం ఉండేది. ఆకుమడి బాగుంటే చేను సగం పండినట్టే అని ఆయన అనేవారని చెప్పి, ఆ పేరు పెట్టింది. ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టేసింది. భీమవరం, కాకినాడ కాలేజీల పిల్లలు దించుకుని వాడటం మొదలుపెట్టారు.

ఒక రైసు మిల్లు యజమాని ఆఫీసుకొచ్చి తెర చూసి నవ్వాడు. "మాకూ ఆకుమడేనా అమ్మా? మరి కలుపు కూడా మీరే తీస్తారా?"

"కలుపు వారం వారం మీరు తెచ్చి ఇస్తున్నారు కదండీ. అదే తీస్తున్నాం" అంది. ఆయన వారానికోసారి లెక్క మార్చమనేవాడు. ఆ తర్వాత కొంచెం తగ్గించాడు.

ఆమెకు కోపం ఎక్కువ. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు శాంతమూర్తి అని రాస్తారు. ఈమె కాదు. గ్లాసులు విసిరేది. కీబోర్డు మోకాలికేసి విరిచిన రోజుంది. పెళ్ళైన కొత్తలో, నన్ను అవమానించిన మా బంధువొకాయన బైకు తాళం తీసి కాలవలో పారేసింది. ఆయన నడుచుకుంటూ వెళ్ళాడు. ఆ కోపం మనుషుల మీద ఎప్పుడూ పడలేదు. వస్తువుల మీద పడేది, ఎక్కువసార్లు తన మీద తనకే పడేది.

అలా పడిన రోజొకటి ఉంది. మొదట్లో ఆకుమడి ఏమీ అడిగేది కాదు, చెప్పింది చెప్పినట్టు చేసేసేది. మిల్లుల కోసం రాసిన స్క్రిప్టులో, కొత్త ఫోల్డర్ పెట్టే ముందు అదే పేరున్న పాతదాన్ని తుడిచెయ్యమని చెప్పే వరస ఒకటుంది. ఒకరోజు పొరపాటున ఆమె పేరు కొట్టకుండా నడిపింది. పేరు లేకపోయేసరికి ఆ వరస ప్రాజెక్టులన్నీ ఉన్న పెద్ద ఫోల్డర్ని పట్టుకుంది. అందులో ఉన్నదంతా ఊడ్చేసింది. అమ్మాయిలు నెలల తరబడి చేసిన పని. కాపీలు దాచిన డిస్కు కూడా ఆ ఫోల్డర్‌కే తగిలించి ఉంది. అదీ పోయింది.

టేబుల్ మీద అద్దం ఉండేది. పిడికిలితో గుద్దింది. అద్దం పగిలి అరచేతిలో దిగింది. అమ్మాయిలు ఏడుస్తున్నారు. ఆమె చున్నీ చుట్టుకుని రక్తం కారుతున్న చేత్తోనే మళ్ళీ రాయటం మొదలుపెట్టింది. నేను వెళ్ళి ఆసుపత్రికి లాక్కెళ్ళాను. కుట్లు వేస్తుంటే నా వంక చూసి, "ఖాళీ అంటే మనకి ఏమీ లేదని. కంప్యూటర్‌కి అంతా అనండీ. దానికి ఆ తేడా ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు" అంది.

ఆ వారమే నాకు అన్నం క్యారేజీ పట్టుకుని బ్యారేజీకి వచ్చింది. గేట్లు ఎత్తే వేళ. వరద నీళ్ళు గేటు కింద నుంచి బయటపడటం దగ్గర్నుంచి చూడనివాళ్ళకి చెప్పటం కష్టం. అది పారటం కాదు, కొట్టటం. ఒకసారి నది మధ్య లంకలో మేస్తున్న గేదె ఆ నీళ్ళలో పడింది. కాళ్ళు పైకి లేచాయి, కొమ్ములు పైకి లేచాయి, మళ్ళీ కాళ్ళు. తర్వాత ఏమీ లేదు. అందుకని ముందు సైరన్ వేస్తాం. ఇసుక తిన్నెల మీద ఉన్నవాళ్ళు, వలలు లాగేవాళ్ళు గట్టెక్కుతారు. ఆ తర్వాతే ఎత్తుతాం.

"సైరన్ వేసి వెంటనే ఎత్తరా?" అని అడిగింది.

"ఎత్తం."

"ఎంతసేపాగుతారు?"

"కనపడినవాడు గట్టెక్కేదాకా."

"వాడికి చెవుడైతే?"

"అందుకే కళ్ళతో చూస్తాం. మనిషిని పంపిస్తాం. నువ్వు అన్నం పెడతావా, ఇన్‌స్పెక్షన్ చేస్తావా?"

అన్నం పెట్టలేదు. క్యారేజీ నా చేతిలో పెట్టి ఆఫీసుకి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి ఆకుమడే ఇప్పుడు అందరూ వాడుతున్నది. ఏ పనీ చేసే ముందు, ఏం చెయ్యబోతోందో తెర మీద చూపిస్తుంది. ఏవి పుడతాయో పచ్చగా, ఏవి పోతాయో ఎర్రగా. సొంత స్క్రిప్టులకు కూడా అదే నియమం. కింద ఒక ప్రశ్న అడుగుతుంది: చేయమంటారా? అవును అని పూర్తిగా కొడితేనే చేస్తుంది. ఖాళీగా వదిలేస్తే కాదని అర్థం. ఏమీ ముట్టుకోదు.

జనం విసుక్కున్నారు. భీమవరం నుంచి ఒక కుర్ర లెక్చరర్ ఫోన్ చేశాడు. "మేడమ్, ఒక్క అక్షరం కొడితే చాలదాండీ? ప్రతిసారీ మాటంతా కొట్టాలంటే ఆలస్యం అయిపోతోందండి."

"ఏం మాస్టారూ, ముహూర్తం దాటిపోతోందా?" అంది. మార్చలేదు.

షట్టర్ దగ్గర కూడా ఆమెకొక అలవాటుండేది. ఆ రేకు పైన చుట్టుకునే డబ్బాలో ఉడతలు గూడు పెడతాయి. ఆఫీసు తీసిన కొత్తలో ఒక పొద్దున షట్టర్ జోరుగా పైకి తోసింది. ఏదో నలిగిన చప్పుడు. పైనుంచి గడప మీద రక్తం చుక్కలు పడ్డాయి. ఆ రోజు అన్నం తినలేదు. అప్పట్నుంచి రోజూ షట్టర్ ఎత్తే ముందు అరచేత్తో దాన్ని బాదేది. ఆగేది. ఉడత బయటికి వచ్చి కరెంటు తీగ ఎక్కేదాకా నిలబడేది. కింద స్వీటు షాపాయన, "ఏంటమ్మా, లోపలెవరైనా ఉన్నారా?" అని రోజూ ఒకే హాస్యం ఆడేవాడు. "ఉన్నారండి. అద్దె మీకు కట్టట్లేదు" అనేది.

ఇప్పుడు ఆ అమ్మాయి గురించి. పాలకొల్లు అవతల పల్లె. డిగ్రీ చదివింది. ఉద్యోగం కోసం వచ్చిన రోజు దవడ వాచి ఉంది. పన్ను నొప్పి అంది. మా ఆవిడ ఏమీ అడగకుండా కుర్చీ చూపించింది. కొన్నాళ్ళకి మణికట్టు మీద ఇస్త్రీపెట్టె మూల అచ్చు పడి వచ్చింది. అప్పుడూ అడగలేదు. బర్నాల్ రాసి, "ఇంటికి వెళ్ళకు" అంది. లేడీస్ హాస్టల్లో చేర్పించింది. ఆ కాలిన చేత్తోనే ఆ అమ్మాయి హేచరీల స్క్రిప్టు రాసింది. అది చూసి మా ఆవిడ, "నాకంటే శుభ్రంగా రాశావే. నాకు ఒళ్ళు మండుతోంది" అంది. ఆమె నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

వాడు వచ్చాడు. ఒకసారి కాదు. రోడ్డు మీద నిలబడి పైకి చూసి మాట్లాడేవాడు. ఫిర్యాదు ఇచ్చారు. పోలీసులు వాణ్ణి పిలిచి మందలించి పంపేశారు. మళ్ళీ వచ్చాడు. ఆ రోజు నేనక్కడున్నాను. తల దువ్వుకుని, తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని ఉన్నాడు. గొంతు పెంచలేదు.

"మేడమ్ గారండీ, దాన్ని పంపకపోతే నరికేస్తానండి. తర్వాత చెప్పలేదనకండి. ముందే చెప్తున్నానండి."

కొన్నాళ్ళు ఆఫీసు మూసెయ్యమన్నాను. ఆమె గిన్నెలు తోముతోంది. తోముతున్న గిన్నె సింకులోకి కొట్టింది.

"మూస్తే రేపు ఎవడరిచినా మూయాలండీ. సైరన్ మోగితే గట్టెక్కాల్సింది ప్రతిసారీ మనమేనా? గేటు ఎత్తేవాణ్ణి ఆపేవాళ్ళే లేరా?"

సింకులోంచి ఆ గిన్నె తీసి నేనే కడిగాను.

హత్య కేసులో ఛార్జిషీటు ఆలస్యమైంది. వాడికి బెయిలు వచ్చింది. వాడి ఊరి దగ్గర కాలవ వంతెన పక్కన టీ బడ్డీ ఉంది. పొద్దున్నే వాడక్కడ కూర్చుంటాడు. నేను వెళ్ళి చూశాను. కుడి చెవి పక్కన గరిటె దెబ్బ మచ్చ ఉంది. అది తప్ప మామూలుగా ఉన్నాడు. టీలోంచి మీగడ వేలితో తీసి నేలకేసి విదిలించాడు. ఆ వేలు చూస్తూ నిలబడ్డాను. నన్ను గుర్తుపట్టలేదు.

మా పెరట్లో కొబ్బరిచెట్లున్నాయి. గెలలు దింపే కత్తి ఉంది. దాన్ని సాన పట్టించాను. సాన పట్టేవాడు బొటనవేలితో అంచు చూసి, "కాయలకి ఇంత పదునెందుకండీ?" అన్నాడు. డబ్బులిచ్చి, గోనెసంచిలో చుట్టి స్కూటర్ డిక్కీలో పెట్టాను. రేపు పొద్దున అనుకున్నాను. ఆ అమ్మాయి కోర్టుకి వెళ్ళవలసిన రోజే. వాడికి ఆ రోజు ఏ పేపర్లోనూ చోటుండకూడదు, వాడి పేరు ముందు నిందితుడు అని కూడా ఉండకూడదు, అసలు వాడే ఉండకూడదు అనుకున్నాను. ఎలా చెయ్యాలో కూడా అనుకున్నాను. ముంజెయ్యి, భుజం, మెడ. ఆమెకు పడిన వరసలోనే.

ఇవాళ పొద్దున ఆ అమ్మాయి ఫోన్ చేసింది. వాడి మనుషులు హాస్టల్ గేటు దగ్గరికి వచ్చారట. నీవల్ల ఒక ఆడకూతురు పోయింది చాలదా, నోరు మూసుకో అన్నారట.

"నిజమే కదా సార్, నావల్లే కదండీ."

"కాదు."

"మీరొస్తారా సార్ రేప్పొద్దున?"

"చెప్తాను" అన్నాను.

ఫోన్ పెట్టేసి, పెరట్లో కూర్చుని, మా ఆవిడ పద్ధతిలో ఆలోచించాను. నేను చెయ్యబోయేది చేసే ముందు తెర మీద పరిచి చూశాను. పుట్టేవేవీ లేవు. ఒక్క పచ్చ వరస కూడా లేదు. పోయేవి ఉన్నాయి. వాడు పోతాడు. నాకు అభ్యంతరం లేదు. వాడితోపాటు కేసు పోతుంది. వాడు లేకపోతే ఆ అమ్మాయి రేపు ఎవరి మీద చెప్తుంది? షట్టర్ ముందు మా ఆవిడ ఏం చేసిందో ఏ కోర్టులోనూ ఎవరూ చెప్పరు. కాయితాల్లో మిగిలేది నేను నరికిన సంగతి. ఆ అమ్మాయి మీద రెండు చావులు పడతాయి. జీవితాంతం రెండు చావులూ నావల్లే అనుకుంటుంది. మా ఆవిడ షట్టర్‌కి వీపు ఆనించి కాపాడింది ఆ అమ్మాయిని వాడి నుంచి. ఇప్పుడు అదే షట్టర్‌ని నేను రెండో వైపు నుంచి నరుకుతున్నాను.

కింద ప్రశ్న. చేయమంటారా?

కోపం తగ్గిందని చెప్పను. మంచివాణ్ణయ్యానని కూడా కాదు. అవును అనలేకపోయాను, అంతే. ఖాళీగా వదిలేశాను. ఖాళీగా వదిలేస్తే ఏమీ ముట్టుకోకూడదని రాసింది ఆమె. అద్దం గుచ్చుకున్న చేత్తో రాసింది.

కత్తిని డిక్కీలోంచి తీసి అటక మీద పెట్టాను. ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "రెడీగా ఉండు" అన్నాను. "ఆయ్, అలాగేనండి" అంది.

ఆకుమడిని ఇకమీదట ఎవరు చూస్తారని కొందరు రాసి అడిగారు. ఆ అమ్మాయే చూస్తుంది. ప్రశ్న తీసెయ్యమని అడిగేవాళ్ళు అడగకండి. ఆ అమ్మాయి కూడా తియ్యదు.

రేపు పొద్దున స్కూటర్ తుడిచి హాస్టల్‌కి వెళ్తాను. మా ఆవిడ హెల్మెట్ ఆ అమ్మాయికిస్తాను. కోర్టులో పక్కన నిలబడతాను. వాడు వస్తే వాడి వంక చూస్తాను. అక్కడ పని అయ్యాక ఇద్దరం ఆఫీసుకి వెళ్తాం. పోలీసులు తాళాలిచ్చేసి చాలా రోజులైంది, నేనింకా తెరవలేదు. రేకు మీద చీలిక అలాగే ఉంది. ఇన్నాళ్ళు మూసి ఉంది కాబట్టి పైన డబ్బాలో ఈపాటికి గూడు పడే ఉంటుంది. ఆ చీలిక పక్కన అరచేత్తో బాదుతాను. ఉడత బయటికి వచ్చి తీగ ఎక్కేదాకా ఆగుతాను. అప్పుడు ఎత్తుతాను.